సయాం వెళ్ళిన తాతకు ఐదో ఆకు

మా అమ్మ ఎవరి ఆచూకీ ఎవరికీ చెప్పేది కాదు. ఎవరు వచ్చి "మీ ఆయన ఉన్నాడా" అన్నా, "మీ అమ్మాయి ఎక్కడికెళ్ళింది" అన్నా ఒకటే జవాబు: "తెల్దు." నాన్న లోపల గదిలో గురక పెడుతున్నా తెల్దు. నేను ఎదురుగా కూర్చుని లెక్కలు చేసుకుంటున్నా తెల్దు. నాన్న బస్సుల షెడ్డులో మెకానిక్. ఒకసారి ఆయన పాత మేస్త్రీ సింగపూర్‌లో మంచి పని ఉందని చెప్పడానికి మా ఇంటికి వచ్చాడు. ఆ సమయంలో నాన్న వీధి చివర కాఫీ కొట్లోనే ఉన్నాడు, పిలిస్తే వినపడేంత దూరంలో. అమ్మ తెల్దంది. ఆ పని ఇంకెవరికో పోయింది. నాన్న మూడు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. అమ్మ పల్లెత్తు మాట అనకుండా గిన్నెలు తోముకుంది.

మమ్మల్ని దాగుడుమూతలు ఆడనిచ్చేది కాదు. పక్కింటి పిల్లలు ఎవరైనా "అత్తా, ఎక్కడ దాక్కుందో చెప్పు" అని అడిగితే గరిటె చేతిలో ఉండగానే లోపలికి వెళ్ళి తలుపేసుకునేది. అది మొండితనం అనుకున్నాను. నాకు ముక్కు మీద కోపం, అమ్మతో ఈ విషయం మీద ఎన్నిసార్లు గొడవ పడ్డానో చెప్పలేను. యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ ఎందుకలా ఉండేదో నాకు తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అమ్మ నాన్న, అంటే మా తాత, జపాన్‌వాళ్ళు ఈ మలయా దేశాన్ని ఏలిన రోజుల్లో రబ్బరు తోట నుంచి సయాం రైలు పనికి వెళ్ళి తిరిగి రాలేదు. మాకు ఇంట్లో చెప్పింది ఆ ఒక్క వాక్యమే. మిగతాది నేను పెద్దయ్యాక అక్కడా ఇక్కడా చదివి తెలుసుకున్నాను. తెల్లదొరలు మా వాళ్ళను శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో తెచ్చి తోటల్లో దించారు. రబ్బరూ తగరమూ రేవుకు చేర్చడానికి ఈ నేలంతా పట్టాలు వేశారు. యుద్ధం రాగానే దొరలు తోటలు వదిలేసి సింగపూర్ వైపు పరుగో పరుగు. జపాన్‌వాళ్ళు వచ్చి, తూర్పు తీరంలో దొరలు వేసిన పట్టాలు ఊడబెరికి, సయాం నుంచి బర్మాకు తాము వేస్తున్న దారికి పట్టుకుపోయారు. పట్టాలతో పాటే తోటల్లో మగవాళ్ళనూ తీసుకుపోయారు. మూడు నెలల పని అన్నారట.

మా అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చివరి రోజు దాకా నుదుట రూపాయి కాసంత బొట్టు, రెండు చేతులకీ గాజులు. మొగుడు పోయాడని ఎవరూ కబురు తేలేదు కాబట్టి ఆవిడ పేరంటాలే. పోయినప్పుడు కూడా పసుపు రాసి, పూలు పెట్టి, ఎర్రచీర కట్టి సాగనంపారు. అలా జరగాలని పట్టుబట్టింది మా అమ్మే. తోటలో ముసలమ్మలు గొణిగితే కళ్ళెర్రజేసిందట.

మా ఇళ్ళల్లో దీపావళి ముందు రోజు సాయంత్రం పెద్దలకు పెడతాం. పోయినవాళ్ళకు మనిషికో అరటాకు వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వడ్డించి, వరస పెట్టి పిలిచి, అందరం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేస్తాం. లోపల వాళ్ళు తింటారు. కాసేపాగి ఇంటి మగవాడు తలుపు తట్టి తీస్తాడు. లోపల బతికున్న మనిషి ఉండకూడదు. మా ఇంట్లో నాలుగు ఆకులు: నాన్నకి, నాన్న అమ్మానాన్నలకి, అమ్మమ్మకి. తాతకు ఆకు లేదు. అడిగితే అమ్మ, "పోనాడని ఎవలు సెప్పినారు నీకు?" అనేది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది. నాన్న పోయాక మేం కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో పన్నెండో అంతస్తు ఫ్లాట్‌లోకి మారాం. అక్కడా తాతకు ఆకు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఓ పదేళ్ళ కిందట కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు బుల్లెట్ రైలు వేస్తారని ఒకటే హడావుడి. ఆ రైలు మేం వేస్తామంటే మేం వేస్తామని జపాన్, చైనా రెండూ పోటీ పడ్డాయి. మంత్రులు రావడం, విందులు, పేపర్ల నిండా ఫొటోలు. పెద్ద పెద్ద మాల్స్‌లో రైలు నమూనాలు పెట్టి, పిల్లలకు కాగితం టోపీలు పంచారు. ఒకప్పుడు దొర చేతిలోంచి జపాన్‌వాడు లాక్కున్న పనిని ఇప్పుడు ఇద్దరు మర్యాదగా నవ్వుతూ లాక్కుంటున్నారు అనిపించింది. అనిపించినా నాకేం, నాకు పని కావాలి. నేను ఇంగ్లీషు నుంచి మలాయ్‌కి అనువాదాలు చేసి బతికేదాన్ని. జపాన్‌వాళ్ళ స్టాల్‌కు కరపత్రాలు అనువదించే పని దొరికింది. మా తమ్ముడికి రెండు లారీలు ఉన్నాయి. వాడు చైనా వాళ్ళ కింద కంకర తోలే కాంట్రాక్టు కోసం తిరుగుతున్నాడు.

ఇంట్లో రోజూ భోజనాల దగ్గర మా ఇద్దరికీ యుద్ధమే. "మీ జపాన్ రైలు అద్దాల పెట్టెలో దాసుకోడానికి లా అక్కా. మా చైనా రైలైతే రేపే ఎక్కొచ్చు" అని, ఈ దేశంలో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ, వాడు ఉడికించేవాడు. "ఎక్కు, ఎక్కు, దిగేటప్పుడు చూద్దాం" అని నేను. అమ్మ మాత్రం మా ఇద్దరి కంచాల్లో సమంగా వడ్డించి, ఏమీ వినపడనట్టు ఉండేది. ఒక్కసారి మాత్రం, "ఎవుడేస్తే ఏటిరా, మోసీవోలు మనోలే" అంది. అప్పటికి మేం నవ్వేశాం.

ఆ స్టాల్‌లో ఒక పెద్దాయన, జపాన్ ఇంజనీరు, అరవై దాటి ఉంటాయి. కరపత్రంలో ఒక్కో మాట నాతో కూర్చుని సరిచూసేవాడు. నేను తెచ్చుకున్న డబ్బాలోని చేపల పులుసు రుచి చూసి, రెండోసారి అడగలేక మొహమాటపడేవాడు. ఓ ఆదివారం భోజనానికి పిలిచాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే తమ్ముడు గతుక్కుమన్నాడు. "పిచ్చా అక్కా నీకు? అమ్మ ముందు జపానోడా?" అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు, ఏం చేస్తున్నానో. నాలిక కరుచుకున్నాను. అమ్మ మాత్రం, "రానీ. పులుసు పెడతాను" అంది.

ఆయన వచ్చాడు. గుమ్మంలో నడుం వంచి నమస్కారం చేశాడు. అమ్మ కూడా చేతులు జోడించింది. చేత్తో తినడం రాక అవస్థ పడుతుంటే అమ్మ ముద్ద కలిపి చూపించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో అమ్మ, పులుసు గిన్నె పట్టుకునే, "ఓ మాటడుగు ఆయన్ని. పట్టాలేసే కూలీల పేర్లు పట్టీలో రాసుకుంటారా మీరు?" అంది.

నేను ఇంగ్లీషులో అడిగాను. ఆయన నవ్వి, "తప్పకుండా అమ్మా, ఒక్కొక్కరి పేరూ రాస్తాం, వేలిముద్ర కూడా తీసుకుంటాం" అన్నాడు.

"అలగైతే సయాం రైలు పట్టీ ఏదీ?"

ఆ ముక్కా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తనకు తెలియదనీ, తమ దేశం వెళ్ళాక రాతకోతలు దాచే చోట్ల అడిగి చూస్తాననీ చెప్పాడు. వెళ్ళేటప్పుడు తాత పేరు, తోట పేరు కాగితం మీద రాయించుకున్నాడు. అది నేనే రాసిచ్చాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

ఆయన లిఫ్టు ఎక్కగానే అమ్మ నా మీద విరుచుకుపడింది. "ఎతకమని నిన్నెవలు అడిగినారే? పేరెందుకు రాసిచ్చినావు? నోరు మూసుకుని ఉండలేవూ?" నాకు ఒళ్ళు మండింది. "అడిగింది నువ్వు కాదూ?" అన్నాను. "నాను అడగడానికి అడిగినాను. ఎతకడానికి కాదు" అంది. వేసిన తలుపు గడియను మళ్ళీ లాగి చూసింది. కోపం అనుకున్నాను. అది భయమని నాకు తట్టలేదు.

రెండు నెలల తర్వాత ఆయన ఒక ఉత్తరం తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. మలయా నుంచి వెళ్ళిన తోటకూలీల పేర్లున్న కాగితం ఏదీ దొరకలేదనీ, క్షమించమనీ అందులో ఉంది. చదివి నేను తీర్మానించేసుకున్నాను. పేరే రాయని చోట పోయిన మనిషి గురించి ఇంక కబురేమిటి, ఎదురుచూపేమిటి. ఆ దీపావళికి అమ్మను అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నాలుగు ఆకుల పక్కన ఐదో ఆకు వేశాను. తాతకు ఏం ఇష్టమో ఇంట్లో ఎవరికీ తెలియదు. మగవాళ్ళకు పెట్టేవే పెట్టాను: అన్నం, కోడికూర, గారెలు, ఒక సిగరెట్టు పెట్టె.

అమ్మ తడి జుట్టుతో వచ్చి చూసింది. వచ్చి ఐదో ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అన్నంలో కూర కలిపి తినడం మొదలుపెట్టింది. పెద్దలకు వడ్డించిన కూడు! మేం పిల్లలప్పుడు ఆ గారెల్లో ఒకటి తీస్తే చేతి మీద వాత పెట్టిన మనిషి. "అమ్మా, ఏటిది" అని తమ్ముడు కేకేశాడు. ఆవిడ తలెత్తలేదు. మింగుడుపడక నీళ్ళు తాగుతూ, ఆకు ఖాళీ అయ్యేదాకా మొత్తం తింది. "బతికున్న మనిషి తింటే అది సచ్చినోలకి ఎట్టినట్టు కాదు" అని చెప్పి ఆకు మడిచి లేచిపోయింది.

మర్నాడు పండగ. తెల్లవారుతూనే పిల్లల తలకు నూనె పెట్టడం పెద్దవాళ్ళ పని. ఎంత వయసు వచ్చినా మా ఇద్దరికీ అమ్మే పెట్టేది. మమ్మల్ని పీటల మీద పక్కపక్కన కూర్చోబెట్టి వెనక నిలబడింది. ఆవిడ మొహం మాకు కనపడదు. నా మాడు మీద చెయ్యి వేసి, మర్దన చేస్తూ చెప్పింది.

"జపానోలొస్తన్నారని ఆ పూట మగోలందరూ సెట్లలోకి పారిపోనారు. మాయయ్యకి, మీ తాతకి, కాల్లో ముల్లిరిగి నడక నేదు. రబ్బరు రేకులారబెట్టే పొగగది అటకెక్కి కూకున్నాడు. కూలోల మీద మేస్త్రీ, కంగాణి వొచ్చినాడు, ఆడెనక జపానోడు. కంగాణి మనోడే, తెలుగోడే, రోజూ నన్నెత్తుకునీవోడు. 'మీయయ్యేడే బుల్లీ' అన్నాడు. పొగగదిలో ఉన్నాడని సెప్పినాను. సెయ్యెట్టి సూపించినాను."

అప్పుడు ఆవిడకు ఆరేళ్ళు. ఎవరూ కొట్టలేదు, బెల్లం ముక్క ఇవ్వలేదు. పెద్దవాళ్ళు అడిగితే చెప్పాలి కదా అని చెప్పిందట. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి నా తల మీద ఆగిపోయింది.

"అమ్మమ్మకి తెలుసా?" అన్నాను.

"గుమ్మంలో నిలబడి సూసింది. నన్నొక్క మాటన్నేదు. ఆ రోజు అన్నేదు, సచ్చిందాకా అన్నేదు." అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుని మళ్ళీ అంది: "అమ్మ పోయిన రోజున పక్క లయంలో, అదే పక్క కూలిళ్ళ వరసలో, ఉండే ముసిలాయన వొచ్చినాడు. సయాం ఎల్లి తిరిగొచ్చినోలలో ఆయనొకడు. అమ్మ బొట్టూ గాజులూ సూసి తెల్లబోనాడు. 'యుద్దం అయిన యేడే మీయమ్మని నూతికాడికి పిలిసి సెప్పినాను కదే, కలరాతో పోనాడు, నా సేత్తోనే మన్నేసినాను అని. ఇదేటి?' అన్నాడు. నాను ఆయన కాళ్ళట్టుకున్నాను, ఎవలికీ సెప్పొద్దని."

తమ్ముడు నూనె కారుతున్న మొహంతో వెనక్కి తిరిగాడు. "మరి అమ్మమ్మ బొట్టెందుకు తీయలేదు?"

"తీస్తే నాను సంపినట్టు కదరా."

అమ్మమ్మది ఎదురుచూపని చిన్నప్పటి నుంచీ అనుకున్నాం. తోటలో వాళ్ళు ఆవిడను పతివ్రత అన్నారు, కొందరు మతి చెడిందన్నారు. ఆవిడ మొగుడి కోసం కాదు, కూతురి కోసం ఆ బొట్టు పెట్టుకుంది. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, పోయిన మనిషికి ఆయుష్షు పోస్తూ, ఆరేళ్ళ పిల్లను కాపాడింది. అది తెలిసి కూతురు ఆవిడను పేరంటాలుగా సాగనంపింది. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. మధ్యలో నేను దూరి, ఐదో ఆకు వేసి పెద్ద న్యాయం చేశాననుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "అమ్మ ఉంచిన బొట్టు, ఆకేసి నానే తుడిసెయ్యనా?" అని అమ్మ అడిగింది. వద్దమ్మా, వద్దు అని ఇద్దరం ఏడ్చాం.

తర్వాత బుల్లెట్ రైలు వాయిదాల మీద వాయిదాలు పడి చివరికి రద్దయింది. నమూనాలు విప్పి పెట్టెల్లో పెట్టేశారు. ఇంజనీరు సెలవు తీసుకోవడానికి వచ్చి, అమ్మ ముందు మళ్ళీ నడుం వంచి వెళ్ళాడు. జపాన్ పోయింది గానీ చైనా పోలేదు. తూర్పు తీరాన వాళ్ళు వేస్తున్న కొత్త రైలుదారికి తమ్ముడి లారీలు కంకర తోలుతున్నాయి. ఒకప్పుడు జపాన్‌వాళ్ళు పట్టాలు పీకిన వైపే అది. వాడిప్పుడు నన్ను ఉడికించడం మానేశాడు. "పనిలో బంగ్లాదేశ్ వోలున్నారక్కా. రోజూ దిగ్గానే పేర్లు అడుగుతున్నాను లా. ఎందుకడుగుతున్నానో తెల్దు. ఆళ్ళు నన్ను పోలీసనుకుంటున్నారు" అన్నాడు ఓసారి. నవ్వబోయి ఆగిపోయాను. నాకూ అలాంటివి పట్టుకున్నాయి. కింద మోనోరైలు వంపు తిరిగి కీచుమన్నప్పుడల్లా ఇంట్లో ఇంకో మనిషి కూర్చున్నట్టే ఉంటుంది. అటక వైపు చూస్తాను. మా ఫ్లాట్‌కు అటకే లేదు.

కిందటేడు అమ్మకు కాళ్ళు వాచి, నడక బాగా తగ్గింది. దీపావళికి వారం ఉందనగా నన్ను పిలిచి, "ఈ యేడు ఐదాకులు తే" అంది. నేను తెల్లమొహం వేశాను. "నువ్వే వద్దన్నావు కదమ్మా." ఆవిడ చిరాకుపడింది. "ఎన్నాళ్ళని దాక్కుంటానే? రేపో మాపో అక్కడికే ఎల్తాను. ఎదురుగుండా వొచ్చి నిలబడితే ఏ మొగం ఎట్టుకుని సూడమన్నావు? ఇక్కడే సెప్పేసుకుంటే పోద్ది."

ఆ సాయంత్రం నాలుగు ఆకులూ నేను వడ్డించాను. ఐదోది అమ్మ నన్ను ముట్టుకోనివ్వలేదు. కర్రపెండలం ఉడికించమంది. ఉప్పేసి, ఒక మిరపకాయ పక్కన పెట్టి, అంతే. కూర లేదు, గారె లేదు. "యుద్దంలో బియ్యమెక్కడివే? ఆ రోజు పొయ్యి మీద ఇయ్యే ఉడుకుతున్నాయి. తినకుండానే తీసుకుపోనారు" అంది.

అందరినీ వరసగా పిలిచాం. నాన్నను తమ్ముడు పిలిచాడు. అమ్మమ్మను నేను పిలిచాను. ఐదో ఆకు దగ్గరకు వచ్చేసరికి అమ్మ నోరు పెగల్లేదు. సాంబ్రాణి పొగ అయిపోవచ్చింది. బయటికి వెళ్దాం రమ్మని చెయ్యి అందిస్తే ఆవిడ కదల్లేదు. "మీరెల్లండి. నానుంటాను."

"లోపల ఉండకూడదమ్మా" అన్నాడు తమ్ముడు.

"నాకు తెల్దేటి? ఎల్లు."

ఆవిడ మొహం చూసి మేం ఇంకో మాట అనలేకపోయాం. బయట వరండాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. పక్క ఫ్లాట్ వాళ్ళు దీపాలు కట్టుకుంటూ మమ్మల్ని చూసి నవ్వారు. తట్టే వేళయిందని తమ్ముడు చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే అమ్మ గొంతు వినిపించింది. ఎనభై ఏళ్ళు దాటిన మా అమ్మ గొంతులా లేదు.

"అయ్యా. పొగగదిలో ఉన్నావని నానే సెప్పినాను. అమ్మ నన్నొక్క మాటన్నేదు. నువ్వైనా తిట్టయ్యా."

తమ్ముడు ఎత్తిన చెయ్యి దించేశాడు. తలుపు తట్టకుండా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.